నా ఇనుము, నా చెయ్యి, నా చేను

ఆ మనిషి పోయాడన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సు. మా ఊరి గాజులామె ఎదురు సీట్లో గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "నీకు తెల్దా మ్మే? మీ బావ పొద్దున పోయినాడు. నిద్దట్లోనేనంట. నొప్పి లేదు, రోగం లేదు. అట్లాంటి సావు అందరికీ వస్తాదా?" అంది.

నాకు ఏడుపు రాలేదు. ముఖం కూడా గుర్తు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆ మనిషి వేళ్లు.

మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాడు. అన్నం ముందు, అన్నం తర్వాత, ఆదివారం మా ఏసు గుళ్లో అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నప్పుడు కూడా. ఆ వేళ్లకు ఇనుప రజను, తుపాకి మందు, బీడీ, ఏదో చమురు, అన్నీ కలిసిన వాసన ఉండేది. నీళ్లు ఇస్తే చెంబు పట్టుకునేవాడా, ఆ చెంబుకూ అదే వాసన. బూడిద పెట్టి తోమినా పోయేది కాదు. "మగోని చేతికి పని వాసన ఉండాల" అనేవాడు.

నేను కూడబలుక్కుని చదువుతాను. రాయడమంటే సంతకం వరకే. ఇది నేను చెప్తుంటే, నేను వంట చేసే హాస్టల్లో పెద్ద క్లాసు పిల్ల ఒకతె రాస్తోంది. "ఇది కూడా రాయాలా అవ్వా?" అని నడుమ నడుమ అడుగుతోంది. అన్నీ రాయమన్నాను. ఆ మనిషి పేరు మాత్రం వద్దన్నాను. గౌరవంతో కాదు. ఆ పేరు నా నోటితో పలకడం ఇష్టం లేక.

మా ఆయనకు పెదనాయన కొడుకు అతను. మా ఊరు ఆళ్లగడ్డకు తూర్పున, కొండ కింద. చేలు అడవిని ఆనుకుని ఉంటాయి. శనక్కాయ ఊరే వేళకు అడవిపందులు దిగుతాయి. ఒక్కసారి దిగాయంటే చేను దున్నినట్టే. మేమంతా మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టేవాళ్లం, టపాకాయలు కాల్చేవాళ్లం. ఆ మనిషికి అవి నచ్చలేదు. నంద్యాలలో పాత ఇనుము అంగడి నుంచి ఏదో గొట్టం తెచ్చాడు, ఒక టేకు మొద్దు తెచ్చాడు. తుపాకి చేస్తానని దొడ్డిలో పశువుల గాడిపాక కింద కూర్చుని ఆకురాయి పెట్టి గరగరా రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు ఊరంతా వినేది. దాచుకుని చేయలేదు. దాచుకునే మనిషి కాదు, అదే కదా ఆ మనిషి గొప్ప.

మొదటిసారి పేల్చినప్పుడు నిప్పు వెనక్కి వచ్చి కుడి కనుబొమ్మ సగం కాలిపోయింది. అది మళ్లీ మొలవలేదు. పొరుగూరి వాళ్లు వస్తే ఆ నున్నటి చోటు తడుముకుంటూ చూపించేవాడు, ఏదో యుద్ధంలో గెలిచి వచ్చినట్టు.

ఆ తుపాకికి చేసిన సేవ ఇంట్లో ఏ మనిషికీ చేయలేదు. మా అక్క, అంటే ఆ మనిషి భార్య, తలకు పెట్టుకునే కొబ్బరినూనె దానికి పూసేవాడు. ఆమె జుట్టు చీపురుకట్టలాగా ఉండేది. అక్క పెండ్లికి కట్టుకున్న తెల్లచీర ఒకటి ట్రంకుపెట్టెలో ఉండేది, అంచుకు సన్నటి జరీ. మా ఆడవాళ్లలో కొందరు పెండ్లిచీర దాచుకుంటారు, పోయినప్పుడు దాన్నే కట్టి పంపమంటారు. అక్క కూడా అట్లే దాచుకుంది. ఆ మనిషి ఒకరోజు పెట్టె తెరిచి, ఆ చీర తీసి, తుపాకికి చుట్టాడు. అక్క వచ్చి పెట్టె మూసుకుంది. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏంది బావా, చీర దొరికిందా దీనికి?"

"మెత్తగా ఉంది మ్మే. గరుకు గుడ్డయితే గీతలు పడ్తాయి."

"అక్కదే కదా అది!"

"నేను కొనిచ్చిందే కదా" అని వేళ్లు వాసన చూసుకున్నాడు.

ఇంక ఆ మనిషి మాట. అరుగు మీద, టీ అంగట్లో, గుడి ముందర, నలుగురు కనపడితే చాలు, అదే మాట. "నా ఇనుము, నా చెయ్యి, నా చేను. నడమ గవుర్మెంటుకేం పని?" ఈ మాట అన్నాక ఒక్కొక్కరి ముఖం చూసేవాడు. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకో మెట్టు ఎక్కేవాడు. "కొడవలి చేయించుకుంటే లైసెన్సు అడగడు. మడక చేయించుకుంటే అడగడు. దీనికేంటికప్పా? నేను అమ్మినానా? కొన్నానా? ఒకని మీదికి ఎత్తినానా? నా పందుల కోసం నేను చేసుకుంటి."

మా ఆయన పక్కన నిలబడి తల ఊపేవాడు. మా ఆయన నెమ్మది మనిషి. చిన్నప్పుడే నాయన పోతే ఈ అన్నే చెయ్యి పట్టుకుని గుడికి తీసుకుపోయాడంట, మడక పట్టడం నేర్పాడంట. అందుకని అన్న చెప్పిందే చట్టం అనుకునేవాడు.

ఒకసారి ఊళ్లో బడి అయ్యవారు, "సొంతానికైనా చేసుకోగూడదేమో, ఎవరన్నా ప్లీడర్ని అడుగు రెడ్డీ" అన్నాడు. అందరి ముందర అన్నాడని రోషం వచ్చింది. మరుసటి రోజే మా ఆయన్ని వెంటబెట్టుకుని నంద్యాల పోయాడు. ప్లీడరు ఇంటి ముందర మా ఆయన చేతికి గొడుగు ఇచ్చి, చెప్పులు చూసుకోమని బయట కూర్చోబెట్టి, తానొక్కడే లోపలికి పోయాడు. వచ్చేటప్పుడు మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"ఏమన్నాడన్నా?" అని మా ఆయన అడిగాడు.

"ఏమంటాడ్రా? సొంతానికి చేసుకున్నోన్ని ఎవడూ ఏమీ చేయలేడన్నాడు."

ఊరంతా ఆ మాట నమ్మింది. మా ఆయన అయితే నాతో ఎన్నిసార్లు చెప్పాడో. "ప్లీడరే చెప్పినాడు మే" అని.

ఆ తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్ల ముందు తుపాకులున్న వాళ్లంతా స్టేషన్లో పెట్టి రసీదు తీసుకోవాలి, అయిపోయాక రసీదు చూపించి తెచ్చుకోవాలి. దండోరా వేశారు. మా చుట్టుపక్కల లైసెన్సు ఉన్న పెద్ద రైతులు బండ్లలో తుపాకులు వేసుకుని ఆళ్లగడ్డ పోయారు. వచ్చి రసీదులు జేబులోంచి తీసి చూపించుకున్నారు. అది చూసి ఈ మనిషికి నిద్ర పట్టలేదు. ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"రేయ్ అబ్బోడా, నాకొకటి తట్టింది. మనది కూడా పెడదాం."

"యాడ అన్నా?"

"స్టేషన్లో. వాళ్లు రసీదు ఇస్తారు కదా? తెచ్చుకునేటప్పుడు రసీదు చూపిస్తే చాలంట, ఇంకేమీ అడగడంల్యా. అంటే ఏంది? గవుర్మెంటు ముద్రతో మన తుపాకి మనకు ఇచ్చినట్టు. ఆ రసీదే లైసెన్సు."

నేను పొయ్యి దగ్గర నుంచి అన్నాను, "బావా, వాళ్లు పెట్టుకునేటప్పుడు అడిగితే?"

"ఏమడుగుతారు మ్మే? నా ఇనుము, నా చెయ్యి..." అని మొదలుపెట్టాడు.

ఇప్పుడు తలుచుకుంటే ఎంత పిచ్చి లెక్క! కానీ అప్పుడు మాకు అది సరిగ్గానే అనిపించింది. రసీదంటే మా ఊళ్లో అంత విలువ. దాని మీద ముద్ర ఉంటే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే అనుకునేవాళ్లం.

ఆ రోజు ఆళ్లగడ్డ సంత. నేను మిరపకాయల మూట నెత్తిన పెట్టుకుని వాళ్ల వెనకే నడిచాను. తుపాకి తెల్లచీరలో చుట్టి మా ఆయన భుజం మీద ఉంది. పెద్దవాడు మోయకూడదు, తమ్ముడు మోయాలి. మాలో అంతే. పెండ్లికి పోయినా, సంతకు పోయినా పెద్దవాడు చేతులు ఊపుకుంటూ ముందు నడుస్తాడు. స్టేషన్ దగ్గరికి వచ్చాక మాత్రం ఆ మనిషి వెనకపడ్డాడు.

"నువ్వు పోయి వరసలో నిలబడ్రా. నేను ఓ టీ తాగి బిరీన వస్తా" అని ఎదురుగా టీ అంగట్లోకి దూరాడు.

నేను గేటు పక్కన మూట దించుకుని నిలబడ్డాను. అంతా కనపడుతోంది. రాసుకునే పోలీసాయన వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన వంతు వచ్చింది. చీర విప్పి బల్ల మీద పెట్టాడు, జాగ్రత్తగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

"లైసెన్సు ఏదప్పా?"

"లైసెన్సు లేదు సార్. ఇంట్లో చేసింది." నవ్వుతూ చెప్పాడు మా ఆయన. అన్న పనితనం గురించి చెప్తున్నానని ఆయన సంబరం.

పోలీసాయన పెన్ను కింద పెట్టాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. "ఏమిరా, దొంగసారా కూడా తెచ్చి అప్పజెప్తావా?" అని ఒకడు అన్నాడు. లోపలి నుంచి ఎస్సై వచ్చాడు. ఆయన నవ్వలేదు.

"ఎవరు చేసినారు?"

"మా అన్న సార్."

"యాడ మీ అన్న?"

"ఆ టీ అంగట్లో సార్. పిలుస్తానుండండి. అన్నా! ఓ అన్నా! ఇట్ల రా!"

ఆ మనిషి గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చాడు. ఎస్సై తుపాకి చూపించి, "ఇది నువ్వు చేసిందేనా?" అన్నాడు.

మా ఆయన అన్న ముఖం వైపే చూస్తున్నాడు. ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నా ఇనుము, నా చెయ్యి, నా చేను. ఊళ్లో కుక్కలకు కూడా వచ్చిన మాట. ఇప్పుడు అనాల్సింది ఇక్కడ.

ఆ మనిషి గ్లాసు ఎడమచేతికి మార్చుకున్నాడు. కుడిచేతి వేళ్లు వాసన చూసుకున్నాడు. "దీన్ని నేను చూడనే లేదు సార్" అన్నాడు.

నేను గేటు దాటి లోపలికి ఉరికాను. "బావా! ఆ చీర ఎవరిది? అక్క పెండ్లిచీర కాదా అది?"

"నువ్వెవరు?" అన్నాడు ఎస్సై.

"ఆయన పెండ్లాన్ని సార్."

"మొగుని కోసం పెండ్లాం ఏమన్నా చెప్తాది. పో బయటికి."

మా ఆయన్ని లోపల కూర్చోబెట్టారు. చీరను, తుపాకిని కలిపి మూట కట్టి సీలు వేశారు. ఆ మనిషి మిగిలిన టీ తాగి, గ్లాసు అంగట్లో ఇచ్చి, ఊరికి పోయాడు.

మా ఆయన్ని నంద్యాల సబ్‌జైల్లో పెట్టారు. నేను చిన్నపిల్లను చంకన వేసుకుని ప్లీడరు ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆ ప్లీడరు దగ్గరికే. నాకు తెలిసిన ప్లీడరు పేరు అదొక్కటే. జరిగింది చెప్తే, ఆయన కళ్లజోడు తీసి, "ఎవరూ, కనుబొమ్మ కాలిన మనిషి తమ్ముడా?" అన్నాడు.

"అవున్సార్. మీరే చెప్పినారంట కదా, సొంతానికి చేసుకుంటే తప్పు లేదని."

ఆయన నా ముఖం చూసి, "నేను అట్ల చెప్పలేదమ్మా" అన్నాడు. "ఉంచుకునేదానికి ఒక లైసెన్సు, చేసేదానికి ఇంకొకటి. అమ్మకానికి చేసినా నేరమే, సొంతానికి చేసినా నేరమే. పంట కాపలాకు కావాలంటే కొనుక్కునే దారుంది, అర్జీ రాసిస్తా, తాసీల్దారు ఆఫీసులో పెట్టుకో అంటి. 'నా చేత్తో చేసినదానికి ఇంకొకని సంతకమా' అని లేచిపోయినాడు."

అంటే తెలుసు. అన్నీ తెలుసు ఆ మనిషికి. తెలిసే మా ఆయన భుజం మీద పెట్టాడు. రసీదు వస్తే తనది, రాకపోతే తమ్ముడిది. థూ. ఇది కూడా రాయి పిల్లా.

"చేసినోడు వచ్చి నిజం చెప్తే, మోసినోని మీద జడ్జీకి దయ కలుగుతాది. తానే స్టేషనుకు తెచ్చినాడు కదా, దురుద్దేశం లేదని నేను వాదిస్తా. నువ్వు పోయి ఆ మనిషిని ఒప్పించు" అన్నాడు ప్లీడరు.

పోయాను. ఊరికి ఇంకా దూరం ఉండగానే ఆ చప్పుడు వినపడింది. గరగర, గరగర. గాడిపాకలో కూర్చుని ఇంకో గొట్టం రుద్దుతున్నాడు. మా ఆయన జైల్లో ఉన్నాడు, ఈ మనిషి ఇంకోటి చేస్తున్నాడు!

కాళ్ల మీద పడ్డాను. పడ్డాను, ఎందుకు దాచాలి. "బావా, ఒక్క మాట చెప్పు చాలు. నువ్వు చేసినానని చెప్పు."

ఆకురాయి ఆగలేదు. "వాడు వస్తాడులే మ్మే. చేసుకుంటే తప్పు లేదు కదా. తప్పు లేనప్పుడు జడ్జీ ఇడ్సిపెడ్తాడు."

"తప్పు లేదంటివే, ఆ మాటే ఆడికొచ్చి చెప్పు బావా. ఈ ఊర్లో ఎన్నిసార్లు చెప్తివి! ఆడ ఒక్కసారి చెప్పు."

"నేను పోతే ఈ చేలు ఎవరు చూస్తారు? పందులు యాడికి పోతాయి? వానికేముంది, రవ్వంత భూమి, ఒక పిల్ల."

అని, చేతులు దులుపుకుని లేచి, లోపలి నుంచి ఒక పొట్లం తెచ్చాడు. టేకాకులో చుట్టిన పంది మాంసం. నా చేతిలో పెట్టాడు. ఆకు మీద ఆ వేళ్ల ముద్రలు నల్లగా. "తీస్కపో. పిల్లకు పెట్టు. బక్కపడింది."

అక్క గడపలో నిలబడి ఉంది. నన్ను చూసింది, తల దించుకుంది. నేను ఆ పొట్లం దొడ్డిలోనే విసిరికొట్టాను. కుక్కలు వచ్చాయి. ఆ మనిషికి కోపం రాలేదు. "కొవ్వు పట్టిన భాగం మ్మే అది, అన్యాయంగా పారేస్తివి" అన్నాడు. అంతే. ఆ మాంసం పోయిందని బాధ.

కోర్టుకు ప్లీడరు పిలిపిస్తే వచ్చాడు. తెల్లబట్టలు, గుండీలన్నీ పెట్టుకుని. దేవుని తోడని చెయ్యెత్తి, "మా తమ్మునికి చిన్నప్పట్నించీ ఇనుప పని మీద మోజు సార్" అన్నాడు. మా ఆయన జీవితంలో ఆకురాయి పట్టి ఎరుగడు.

శిక్ష పడింది. తిరిగి వచ్చాక మా ఆయన మనిషి మనిషిగా లేడు. దగ్గు, ఎముకలు. అన్నను ఒక్క మాట అనలేదు. గుళ్లో ఎదురైతే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. ఒకసారి మాత్రం, అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "అన్న చెప్పింటే బాగుండు మే" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. కొన్నాళ్లకు పోయాడు. నేను పిల్లను తీసుకుని నంద్యాల చేరాను.

అన్నిటికంటే నాకు అసహ్యం ఏమిటంటే, మా ఆయన జైల్లోంచి వచ్చిన తర్వాత కూడా ఆ మనిషి అరుగు మీద అదే మాట అనేవాడు. గొంతు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. "నా ఇనుము, నా చెయ్యి, నా చేను!" వినేవాళ్లు విన్నారు. తల ఊపేవాళ్లు ఊపారు.

గాజులామె చెప్పిన రోజు నేను ఆళ్లగడ్డలో కూతురి ఇంటికి పోతున్నదాన్ని. అక్కడ దిగి, కూతురి ఇంటికి పోకుండా ఊరి బస్సు ఎక్కాను. ఎందుకో అప్పటికి నాకు తెలీదు.

ఆ మనిషిని పందిట్లో బల్ల మీద పెట్టారు. ఎవరో సబ్బుతో చేతులు కడిగి గుండెల మీద పెట్టి దారం కట్టారు. వేళ్లు తెల్లగా, మెత్తగా, ఎవరివో వేళ్లలాగా ఉన్నాయి. ముక్కుల్లో దూది. అక్క తల దగ్గర కూర్చుని ఉంది.

అయ్యగారు కొత్తాయన, పాత సంగతులు తెలీవు. పాట అయ్యాక, "పోయిన పెద్దాయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి" అన్నాడు. ఒకడు లేచి మంచి పనివాడన్నాడు. ఇంకొకడు, "కలెక్టరు ముందరైనా నా చేత్తో చేసుకుంటి అని చెప్పగల మొనగాడు సామీ" అన్నాడు. జనం ఊకొట్టారు.

అప్పుడు తెలిసింది నేను ఎందుకు వచ్చానో.

"నేను చెప్తా అయ్యగారూ" అని లేచాను.

"చెప్పమ్మా."

"ఆ తుపాకి చేసింది ఈయనే. స్టేషన్లో అడిగినారు, చెప్పలే. కోర్టులో దేవుని తోడని అడిగినారు, చెప్పలే. నేను కాళ్లు పట్టుకుంటి, అప్పుడూ చెప్పలే. మీ అందరికీ తెలుసు, మీరూ చెప్పలే. నా మొగుడు చేయలేదు. చేసింది ఈయనే."

పెద్దకొడుకు నా దగ్గరికి వచ్చి, "పిన్నీ, పీనుగ కాడ ఇవేం మాటలు?" అన్నాడు.

"బతికుండగా కూడా అంటి కదరా నాయనా. మీ నాయన ఆకురాయి ఆపలే."

అప్పుడు అక్క మాట్లాడింది. ఆమె గొంతు నేను విని ఎన్నేళ్లయిందో. తల ఎత్తకుండానే, "ఆ చీర నాదే" అంది. "నా పెట్టెలోంచే తీసినాడు. నాకు కట్టి పంపేదానికి ఇప్పుడు అదీ లేదు."

జనం ఆమె వైపు తిరిగారు.

"నన్ను ఎవరూ అడగలే" అంది అక్క.

"అడక్కుంటే చెప్పకూడదా అక్కా?" అన్నాను.

అయ్యగారు పాట ఎత్తుకున్నాడు. శవాన్ని పెట్టెలో పెట్టి లేపారు.

గుంత దగ్గర వరసగా అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. వంగి మట్టి తీసుకున్నాను. పెట్టె వైపు చూశాను. వేయబుద్ధి కాలేదు. పక్కకు వచ్చి ఆ మట్టిని దారిలో వదిలేశాను.

సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో, మర్నాటి సంతకు గంపతో బయల్దేరిన గాజులామె మళ్లీ ఎదురు సీట్లోనే కూర్చుంది. బస్సు కదిలాక చూసుకుంటే, నా కుడిచేతి వేళ్లు నా ముక్కు దగ్గర ఉన్నాయి. నేనే పెట్టుకున్నాను. నాకు తెలీకుండానే. ఛీ అని చెయ్యి లాక్కుని, సీసాలో నీళ్లు పోసుకుని, కొంగుతో రుద్దడం మొదలుపెట్టాను.

"ఏంది మ్మే, అట్ల రుద్దుతాండావు? తోలూడొస్తాది" అంది గాజులామె.

"రానీ" అన్నాను.